చిన్న నట్లలో పెద్దవి కొనండి

ప్రశ్న: నమస్కారమండీ. కొంతకాలంగా రాక్ క్లైంబింగ్‌లో అనుభవమున్నవాళ్ల వెనక సెకండ్‌గా, అంటే రెండో మనిషిగా ఎక్కుతూ, వాళ్లు పగుళ్లలో పెట్టిన రక్షణ సామాను (గేర్) తీసుకుంటూ వస్తున్నాను. ఇప్పుడు తేలికపాటి రూట్లు లీడ్ చేయడం, అంటే నేనే ముందు ఎక్కుతూ గేర్ పెట్టుకుంటూ పోవడం మొదలుపెట్టాను. నా దగ్గర మామూలు అల్యూమినియం నట్ల (పగులులో ఇరికించి తాడు తగిలించే, తీగ ఉన్న లోహపు ముక్కలు) సెట్ ఒకటి, కొన్ని క్యామ్‌లు (పగులులో విచ్చుకుని బిగిసే స్ప్రింగ్ పరికరాలు) ఉన్నాయి. మేం ఎక్కే గ్రానైట్‌లో పగుళ్లు చాలాచోట్ల సన్నం. నా సెట్‌లోని అన్నిటికన్నా చిన్న నట్టు కూడా దూరదు. మైక్రో నట్లు కొందామంటే ఇత్తడివి, స్టీలువి, ఆఫ్‌సెట్‌లు అంటూ రకరకాలు కనిపిస్తున్నాయి. ఒక స్నేహితుడేమో "అవన్నీ కంటితుడుపు, పడితే ఆగవు" అంటాడు. ఇంకొకాయన తను వాడిన పాత సెట్ సగం ధరకే ఇస్తానంటున్నాడు. ఏవి కొనాలి? ఎన్ని కొనాలి?

సమాధానం: మీ స్నేహితుడి మాటలో సగం నిజం ఉంది. మైక్రో నట్లలో మరీ చిన్నవి పడుతున్న మనిషిని ఆపడానికి చేసినవి కావు. గేర్ మీదే నిలబడుతూ పైకి పోయే ఎయిడ్ క్లైంబింగ్‌లో ఒంటి బరువు మోపి నిలబడి, ఇంకాస్త పైకి చెయ్యి చాచడానికి పనికొస్తాయి, అంతే. కానీ మైక్రో అన్న పేరు కింద 3 మిల్లీమీటర్ల మందమున్న ముక్కా వస్తుంది, 8 మిల్లీమీటర్లదీ వస్తుంది. మొదటిది 2 కిలోన్యూటన్ల దగ్గర తెగిపోవచ్చు. రెండోది అంతకు మూడు రెట్లు మోయగలదు. రెండిటినీ ఒకే గాటన కట్టి "ఆగవు" అనడమూ తప్పే, "ఆగుతాయి" అనడమూ తప్పే. మీ ప్రశ్నకు నా జవాబు ఒక్క ముక్కలో చెప్పాలంటే, చిన్న నట్లలో పెద్దవి కొనండి. మరీ చిన్నవాటి జోలికి ఇప్పుడు పోవద్దు. ఎందుకో కాస్త వివరంగా చెప్తాను, ఎందుకంటే ఆ కారణం తెలిస్తే ఏ కంపెనీది కొనాలో మీరే తేల్చుకోగలరు.

నట్టు మీదో, దాని తీగ మీది అతుకు దగ్గరో ఒక అంకె ముద్రించి ఉంటుంది, పక్కన కేఎన్ అని. అంటే కిలోన్యూటన్లు. ఒక కిలోన్యూటన్ సుమారుగా 100 కిలోల బరువు. నట్లకు వర్తించే యూరప్ ప్రమాణం ఈఎన్ 12270 ప్రకారం 2 కిలోన్యూటన్లు మోస్తే చాలు, ధ్రువీకరణ దొరుకుతుంది. క్యామ్‌లకు ఉన్న ప్రమాణం ఈఎన్ 12276 మాత్రం కనీసం 5 అడుగుతుంది. కాబట్టి నట్టు మీద ధ్రువీకరణ గుర్తు ఉందని సంతోషపడితే చాలదు, అంకె చూడాలి. మీ మామూలు సెట్‌లోని మధ్య సైజు నట్ల మీద 10 అనో 12 అనో ఉంటుంది. ఇంటికెళ్లి ఒకసారి చూసుకోండి.

2 కిలోన్యూటన్లంటే 200 కిలోలు కదా, నేను 70 కిలోలే కదా అనిపిస్తుంది. ఇక్కడే చాలామంది లెక్క తప్పుతుంది. పై నట్టుకు తగిలించిన క్యారబినర్ (తెరుచుకునే లోహపు కొక్కెం) లోంచి తాడు మలుపు తిరిగి కిందికి, తాడు పట్టుకునే మనిషి అంటే బిలేయర్ దగ్గరికి పోతుంది. ఒకవైపు మీ బరువు లాగుతుంది, రెండోవైపు మిమ్మల్ని ఆపడానికి బిలేయర్ పట్టు లాగుతుంది. రెండూ కలిసి నట్టు మీదే పడతాయి. క్యారబినర్ దగ్గర రాపిడి కొంత బలాన్ని మింగేస్తుంది కాబట్టి సరిగ్గా రెట్టింపు కాదు గానీ, మీ వైపు ఉన్న బలానికి సుమారు 1.6 రెట్లు నట్టు మోయాల్సి వస్తుంది. గేర్‌తో కలిపి 75 కిలోలున్న మనిషి పడకుండా, ఊరికే తాడు మీద వేలాడినా పై నట్టు మీద దాదాపు 1.2 కిలోన్యూటన్లు ఉంటుంది. అంటే 2 అని రాసి ఉన్న నట్టు, మీరు అలసిపోయి "పట్టుకో" అని తాడు మీద కూర్చున్న క్షణానికే తన సత్తువలో సగానికి పైగా వాడేసింది.

ఇక పడితే? మెత్తగా పట్టిన చిన్న ఫాల్‌లో కూడా క్లైంబర్ మీద 2, 3 కిలోన్యూటన్లు పడటం మామూలే. 3 అనుకుంటే నట్టు మీద దాదాపు 5. ఈ ఒక్క లెక్కతో మీ కొనుగోలు సగం తేలిపోతుంది. 5 కిలోన్యూటన్లు, ఆపైన ఉన్న నట్టు సరైన చోట కూర్చుంటే మామూలు ఫాల్‌ను ఆపుతుందని ఆశించొచ్చు. 4 అని ఉంటే పరిస్థితులు కలిసిరావాలి. 2, 3 ఉన్నవాటిని రక్షణ లెక్కలో వేసుకోకండి.

ఆ పరిస్థితులేమిటో కూడా తెలియాలి. పడినప్పుడు తగిలే దెబ్బ ఎంత దూరం పడ్డారన్న దాని మీద మాత్రమే కాదు, ఆ దెబ్బను సాగి పీల్చుకోవడానికి ఎంత తాడు బయట ఉందన్న దాని మీద కూడా ఆధారపడుతుంది. రెండు మీటర్ల ఫాల్‌నే తీసుకోండి. బిలేయర్ ఉన్న చోటు నుంచి 3 మీటర్లు ఎక్కి, 2 మీటర్ల దగ్గర పెట్టిన నట్టు మీద పడితే, పడిన దూరం 2, తాడు 3. భాగిస్తే 0.67. అదే 25 మీటర్లు ఎక్కాక మీటరు కిందున్న నట్టు మీద పడితే 2ను 25తో భాగించాలి, 0.08. పడిన దూరం ఒకటే, దెబ్బలో మాత్రం చాలా తేడా. మధ్యలోని క్యారబినర్ల దగ్గరా బండ అంచుల దగ్గరా తాడు రాసుకుంటుంది కాబట్టి అసలు తేడా కాగితం మీదున్నంత ఉండదు, అయినా ఉంటుంది. అందుకే చిన్న నట్టు రూటులో పైభాగాన ఉన్నప్పుడు నమ్మదగినది, మొదటి కొన్ని మీటర్లలో అంతగా కాదు. దురదృష్టం ఏమిటంటే నేల తగిలే ప్రమాదం ఉండేది కూడా ఆ మొదటి మీటర్లలోనే. అక్కడ సన్నటి పగులు తప్ప ఇంకేమీ లేని రూటు లీడ్ నేర్చుకునే రూటు కాదు. ఇంకో రూటు చూసుకోండి.

చిన్న నట్టు ఎందుకు బలహీనమో చూద్దాం. చాలామంది లోహపు ముక్క నలిగిపోతుందేమో అనుకుంటారు. చాలావరకు ముందు తెగేది తీగ. అల్యూమినియం నట్టులో తీగ దూర్చడానికి రెండు రంధ్రాలు చేసి, తీగను ఒక రంధ్రంలోంచి పైకి తెచ్చి, వంచి, రెండోదాంట్లోంచి దించుతారు. నట్టు మందం తగ్గేకొద్దీ రంధ్రం చిన్నదవ్వాలి, తీగ సన్నబడాలి, వంపు బిగుసుకోవాలి. అందుకే చాలా కంపెనీల మామూలు సెట్ 7 మిల్లీమీటర్ల దగ్గర మొదలవుతుంది. కొన్ని 4 దాకా దిగుతాయి గానీ, ఆ చివరి నట్ల మీది అంకె చూస్తే 2 అనే ఉంటుంది.

ఈ చిక్కును విప్పినవాళ్లలో ముఖ్యుడు ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్ దగ్గర స్థిరపడిన రోలండ్ పౌలిక్. తీగను వంచి బయటికి తీయడం మానేసి, ఇత్తడి ముక్కలోకి పంపి వెండి కలిసిన టంకంతో లోపలే అతికేశాడు. రంధ్రాల చుట్టూ లోహం మిగల్చాల్సిన పని తగ్గింది, తీగ ఉన్నంతలో మందంగా ఉంచగలిగాడు. ఆయన పేరులోని పొడి అక్షరాలతో ఆర్‌పీలు అని పిలిచిన ఆ నట్లు 1970లలో ఆస్ట్రేలియా బండల నుంచి ప్రపంచమంతా తిరిగాయి. ఇప్పటికీ సన్నటి ఇత్తడి నట్టు ఏ కంపెనీదైనా సరే, కొందరు పాతకాలపు క్లైంబర్లు ఆర్‌పీ అనే అంటారు. ఈరోజు మీకు దుకాణంలో కనిపించే ఇత్తడి, స్టీలు మైక్రోలన్నీ ఇంచుమించు ఆ టంకం పద్ధతి సంతానమే.

ఇత్తడా, స్టీలా అన్న ప్రశ్నకు బండ దగ్గరే జవాబుంది. గ్రానైట్‌లో ఉండే క్వార్ట్జ్ పలుకులు ఇత్తడి కన్నా గట్టివి. నట్టు మీద బరువు పడగానే ఆ పలుకులు ఇత్తడిలోకి కాస్త దిగుతాయి, నట్టు బండను కరుచుకుంటుంది. వారం వాడిన ఇత్తడి నట్టు ముఖం చూడండి, చిన్నచిన్న గుంటలతో ఉంటుంది. పట్టు దొరికేది ఆ గుంటల వల్లే. కాకపోతే అదే మెత్తదనం వల్ల పెద్ద దెబ్బకు ఇత్తడి రూపు మారి, ఇరుకులోంచి జారి బయటికి రాగలదు. ముఖ్యంగా సగమే ఆనుకుని ఉన్నప్పుడు. స్టీలు రూపు చెదరదు. బాగా ఆనుకుంటే ఎక్కువ మోస్తుంది, తరిగిపోదు, ఏళ్లపాటు అంచులు అంచుల్లాగే ఉంటాయి. కానీ కరుచుకునే గుణం తక్కువ కాబట్టి పెట్టిన తీరు (ప్లేస్‌మెంట్) సరిగ్గా లేకపోతే చెప్పాపెట్టకుండా ఊడొస్తుంది. ఇంకా లీడ్ నేర్చుకుంటున్న మీకు, పలుకులు తేలిన గ్రానైట్‌లో, నేనైతే ఇత్తడే ముందు అంటాను.

ఏ లోహమైనా ఎంత వైశాల్యం బండకు ఆనిందన్నదే అసలు సంగతి. ఒక చిన్న నట్టు ముఖం 5 మిల్లీమీటర్లు, 6 మిల్లీమీటర్లు అనుకుందాం. మొత్తం 30 చదరపు మిల్లీమీటర్లు, మీ చిటికెన వేలి గోరంత కూడా కాదు. ఫాల్‌లో ఆ ముఖం మీద 4 కిలోన్యూటన్లు పడితే, ముఖమంతా ఆనుకుని ఉన్నా సరే, చదరపు మిల్లీమీటరుకు 130 న్యూటన్లకు పైనే. గ్రానైట్ నలగడానికి సాధారణంగా 100 నుంచి 250 దాకా కావాలి. ఇసుకరాళ్లలో చాలావాటికి 100 కూడా అక్కర్లేదు. ముఖంలో సగమే ఆనితే ఒత్తిడి రెట్టింపై 260 దాటుతుంది, అక్కడ గట్టి గ్రానైట్ అంచు కూడా పొడవుతుంది. నట్టు మీద ఎంత అంకె ఉన్నా అప్పుడు లాభం లేదు. ఆ అంకె పరీక్షశాలలో ఉక్కు దవడల మధ్య బిగించి లాగితే వచ్చింది, మీ బండలో కాదు.

ఆకారం సంగతికి వద్దాం. నట్టు పనిచేసేది తలుపు కింద దూర్చిన చెక్కముక్కలాగే. పైన వెడల్పు, కింద సన్నం, లాగినకొద్దీ బిగుస్తుంది. వంపు లేకుండా తిన్నటి వాలు ఉన్న నట్లు మరీ సన్నటి, లోపల గోడలు తిన్నగా ఉండి కిందికి ఇరుకయ్యే పగుళ్లకు బాగుంటాయి. కొంచెం వంపు తిరిగినవి మీ మామూలు సెట్‌లో ఉండే రకం. వంపు వల్ల మూడు చోట్ల ఆని స్థిరంగా కూర్చుంటాయి గానీ, సైజు తగ్గేకొద్దీ ఆ వంపుకు పెద్ద అర్థం ఉండదు. ఆఫ్‌సెట్ అనేది మూడో రకం. దీనికి పైనుంచి కిందికే కాక, లోపలి నుంచి బయటికి కూడా వాలు ఉంటుంది. ఒక అంచు మందం, రెండో అంచు పలుచన. పగులు బయటివైపు విచ్చుకుని లోపల ఇరుకుగా ఉంటే మామూలు నట్టు ఒక గీత వెంబడి మాత్రమే ఆనుతుంది, ఆఫ్‌సెట్ ముఖం మొత్తం ఆనుతుంది. ఇందాక లెక్కలో చూసిన వైశాల్యం ఇక్కడ రెట్టింపో ఇంకా ఎక్కువో అవుతుంది.

ఈ ఆకారంతో ఆఫ్‌సెట్‌లు ఎందుకంత పేరు తెచ్చుకున్నాయంటే దాని వెనక పాత కథ ఉంది. అమెరికాలోని యోసెమిటీ గ్రానైట్‌లో ఒకప్పుడు పిటన్‌లు అనే లోహపు మేకులు కొట్టి ఎక్కేవాళ్లు. సుత్తితో కొట్టడం, వెనకొచ్చేవాడు అటూఇటూ బాది తీయడం, మళ్లీ ఇంకో జట్టు అక్కడే కొట్టడం. పగుళ్లలో గుంటలు పడ్డాయి, పైన వెడల్పుగా, లోపలికి సన్నగా. రాయల్ రాబిన్స్ 1966లో ఇంగ్లండ్ వెళ్లి అక్కడివాళ్లు నట్లతో ఎక్కడం చూసి, మరుసటి ఏడాది భార్య లిజ్‌తో కలిసి యోసెమిటీలో నట్‌క్రాకర్ అనే రూటును నట్లతోనే ఎక్కాడు. 1970ల మొదట్లో సుత్తి లేకుండా ఎక్కడం అక్కడ ఉద్యమంలా వ్యాపించింది. కానీ పడ్డ గుంటలు పోలేదు. ఆ విచ్చుకున్న మచ్చల్లో సరిగ్గా సరిపోయేవి ఆఫ్‌సెట్‌లే. బ్రిటన్‌కు చెందిన హ్యూ బ్యానర్ చేసిన ఆఫ్‌సెట్‌లు ఆ గ్రానైట్‌లో ఎక్కేవాళ్ల దగ్గర ఎంతో పేరు తెచ్చుకున్నాయి. ఇప్పుడు అదే దేశంలోని డీఎంఎం ఆ తరహావి ఇత్తడిలోనూ అల్యూమినియంలోనూ చేస్తోంది. పిటన్ మచ్చలు లేకపోయినా ఫర్వాలేదు. గాలికీ నీటికీ అరిగిన గ్రానైట్‌లో పగుళ్ల పెదవులు ఎలాగూ గుండ్రబడి విచ్చుకునే ఉంటాయి.

కాబట్టి మీరు కొనాల్సిన వరుస ఇదీ. అన్నిటికన్నా ముందు, ఆశ్చర్యంగా అనిపించొచ్చు, మైక్రోలే కొనకండి. మీ మామూలు సెట్‌లో చిన్న వైపున్న మూడు నట్లను, అంటే 7 నుంచి 10 మిల్లీమీటర్ల మధ్యవాటిని, ఇంకో జత తీసుకోండి. వీలైతే వేరే కంపెనీవి. ఒకే నంబరున్నా రెండు కంపెనీల కొలతలు కాస్త తేడాగా ఉంటాయి, ఒకటి కూర్చోని చోట ఇంకొకటి కూర్చుంటుంది. సన్నటి పగుళ్లున్న రూటులో ముందు అయిపోయేవి ఈ సైజులే. చాలామంది మైక్రోల కోసం పరుగెత్తేది నిజానికి ఇవి చేతిలో అయిపోయాక. ఆ తర్వాత ఇత్తడి ఆఫ్‌సెట్‌లలో పెద్ద వైపున్నవి మూడో నాలుగో. నంబరు చూసి కాదు, అంకె చూసి ఎంచుకోండి. 5 కిలోన్యూటన్లు, ఆపైన ఉన్నవే తీసుకోండి. కంపెనీ సెట్‌గానే అమ్ముతామంటే, సెట్‌లో చిన్నవి రెండు ఇంట్లో డబ్బాలో పడి ఉన్నా నష్టం లేదు. అవి మీ నడుముకు వేలాడుతుంటే అలసిన క్షణంలో చెయ్యి వాటి మీదికే పోతుంది. తిన్నటి వాలున్న సన్నటి స్టీలు నట్లు ఇప్పుడే వద్దు. ఒక సీజన్ గడిచాక, ఎక్కడ ఇత్తడి సరిపోలేదో మీకే తెలిశాక ఆలోచించండి.

సగం ధరకు ఇస్తానన్న పాత సెట్ వద్దు. ఆయన మంచివాడే అయ్యుండొచ్చు. క్యారబినరో, పెద్ద అల్యూమినియం నట్టో అయితే చూసి తీసుకోవచ్చేమో అనేవాణ్ణి. మైక్రో నట్టులో మీరు చూడాల్సిన చోటు మీకు కనిపించదు. తీగ టంకం దగ్గర, లోహంలోకి దూరే మలుపులో, పోగులు ఒక్కొక్కటే అలసి తెగుతాయి. ప్రతిసారీ నట్టును పీకడానికి తీగను పైకి ఎగదోసినప్పుడల్లా ఆ మలుపే వంగుతుంది. పైకి బాగానే ఉంటుంది. సముద్రపు ఒడ్డున వాడినవైతే ఉప్పు ఆ సందుల్లోకి దిగి తుప్పు మొదలై ఉంటుంది. ఎన్ని ఫాల్‌లు మోశాయో ఆయనకే గుర్తుండదు. మీ సొంత నట్ల విషయంలోనూ ఇదే నియమం. తీగ మొదట్లో ఒక్క పోగు లేచి వేలికి గుచ్చుకున్నా, తీగ గట్టిగా మెలి పడి తిన్నగా రాకపోయినా, టంకం దగ్గర గీత కనిపించినా, ఆ నట్టు పని అయిపోయింది. ఒక గట్టి ఫాల్ మోసిన మైక్రోను కూడా నేను పక్కన పెట్టేస్తాను. కొత్తది కొనడం ఖర్చే, కాదనను.

కొనడం కన్నా పెట్టడమే కష్టం. పగులులో ఇరుకు ఎక్కడుందో ముందు చూడండి. ఇరుకు పైనుంచి నట్టును దించి, అది తనంతట తను కూర్చునే చోటు వెతకాలి. కూర్చున్నాక పక్కనుంచీ కిందినుంచీ చూడండి. రెండు గోడలకూ ముఖం ఎంత ఆనింది? ఒక్క పలుకు మీద నిలబడి ఉంటే తీసేయండి. ఆ పలుకు విరిగితే నట్టు పోయినట్టే. ఎక్కువ లోతుకు తోస్తే బాగుంటుందనుకోవడం పొరపాటు. లోతున ఏం ఆనిందో కనిపించదు, తీయడమూ కష్టం. అలాగని పెదవి మీద పెడితే అంచు పొడైపోతుంది. కొంచెం లోపల, కంటికి కనిపించేంతలో పెట్టండి. పగులుకు ఒకవైపున్నది అసలు బండేనా, అతుక్కున్న పలకా అని అరచేత్తో తట్టి వినండి. డొల్ల శబ్దం వస్తే అందులో ఏ నట్టూ పెట్టొద్దు. బిగిసే నట్టు రెండు గోడలనూ బయటికి నెడుతుంది, పలక ఊడి మీ మీదికే రావచ్చు.

కూర్చున్న నట్టును లాగి బిగించాలి. ఎంత గట్టిగా అన్నదానికి కొలత లేదు. తాడు కదలికకు ఊడిపోకూడదు, వెనకొచ్చేవాళ్లు గంటసేపు కుస్తీ పట్టేంతగానూ బిగించకూడదు. ఫాల్‌లో ఏ దిక్కుకు లాగుతుందో ఆ దిక్కుకే లాగి చూడండి. మీ మొహం పక్కకు తిప్పుకుని లాగండి. ఊడొచ్చిన నట్టు నేరుగా పళ్లకు తగిలినవాళ్లున్నారు.

చిన్న నట్టుకు తాడు కదలికే పెద్ద శత్రువు. తీగ సన్నం, బిరుసు. మీరు పైకి పోతుంటే తాడు ఊగుతుంది, ఆ ఊపు తీగ గుండా నట్టుకు చేరి దాన్ని మెల్లగా పైకి ఎత్తేస్తుంది. పైనుంచి చూస్తే తాడుకు వేలాడుతూ కిందికి జారిపోయి ఉంటుంది. కాబట్టి పొట్టి క్విక్‌డ్రా (రెండు క్యారబినర్ల మధ్య పొట్టి పట్టీ) కాదు, పొడవైన స్లింగ్ (ఉచ్చులా కుట్టిన పట్టీ) వేయండి. స్లింగ్‌ను తీగకు నేరుగా ముడి వేయకండి, సన్నటి తీగ కత్తిలా కోస్తుంది. మధ్యలో క్యారబినర్ ఉండాలి. మొట్టమొదటి గేర్‌ను మైక్రో నట్టుతో సరిపెట్టకండి. పడినప్పుడు తాడు బిగిసి తిన్నబడుతూ కింది గేర్‌ను బయటికీ పైకీ లాగుతుంది. ఒకవైపు లాగుడుకే నిలిచే నట్టు అక్కడ ఊడితే, దాని పైది, ఆపైది వరుసగా ఊడొచ్చే ప్రమాదముంది. మొదటి చోట క్యామో, పైకి లాగినా కదలనిది ఇంకేదో పెట్టండి.

రెండు చిన్న నట్లు పక్కపక్కనే పెట్టగలిగితే, ఒక స్లింగ్‌తో రెండిటినీ కలిపి బరువు పంచండి. సగానికి సగం పంచుకుంటాయని మాత్రం అనుకోకండి. లాగే దిక్కు కొంచెం మారినా ఒకదాని మీదే ఎక్కువ పడుతుంది. అయినా ఒకటి ఊడితే ఇంకొకటి ఉంది కదా. కుట్లు విడిపోతూ దెబ్బను పీల్చుకునే స్లింగ్‌లు దొరుకుతాయి. చిన్న నట్టుకు అవి తోడు. బలహీనమైన నట్టును బలమైనదిగా మార్చవు. వాటికన్నా నేను ఎక్కువ విలువ ఇచ్చేది మంచి బిలేయర్‌కు. ఫాల్ సమయంలో ఒక అడుగు ముందుకు కదిలి, తాడును మెత్తగా ఆపేవాళ్లు నట్టు మీది దెబ్బను తగ్గిస్తారు. తాడును ఒక్కసారిగా బిగించేసే రకం బిలే పరికరం వాడుతూ గోడకు కట్టేసుకున్న బిలేయర్ ఉంటే అదే నట్టు మీద దెబ్బ పెరుగుతుంది. చిన్న నట్ల రూటు ఎక్కేముందు ఈ మాట వాళ్లతో చెప్పుకోండి. ఇక బిలేయర్ నిలిచే చోట (బిలే స్టాన్స్), మొత్తం జట్టు వేలాడే యాంకర్‌లో మైక్రో నట్లను లెక్కలోకి తీసుకోకండి.

అన్ని సన్నటి పగుళ్లూ నట్టుకు లొంగవు. గోడలు సమాంతరంగా ఉండి ఎక్కడా ఇరుకు లేకపోతే నట్టు ఎంత మంచిదైనా జారుతుంది. అక్కడ 8 మిల్లీమీటర్లు, ఆపైన అయితే చిన్న క్యామ్ పనికొస్తుంది. అంతకన్నా సన్నమైతే జారే బంతి ఉన్న బాల్‌నట్‌లు 3 మిల్లీమీటర్ల పగులు నుంచే ఉంటాయి. తీయడం కొంచెం చిరాకు గానీ సమాంతర పగులులో వాటి అంకె అదే సైజు మైక్రో నట్టు కన్నా చాలా మెరుగ్గా ఉంటుంది. అడ్డంగా పోయే పగుళ్లలో మాత్రం చిన్న నట్టు తీగ అంచు మీద వంగి నలుగుతుంది, వద్దు.

మీరు ఎక్కేది గ్రానైట్ కాబట్టి ఇదంతా చెప్పాను. ఎప్పుడైనా ఇసుకరాయి మీదికి పోతే ఈ లెక్కలన్నీ మళ్లీ వేసుకోవాలి. అక్కడ చిన్న నట్టు తెగకముందే బండ పొడై నట్టు గీత గీసుకుంటూ బయటికొస్తుంది. వాన తడి ఆరని ఇసుకరాయి మరీ బలహీనం. జర్మనీలోని సాక్సన్ స్విట్జర్లాండ్ ఇసుకరాళ్ల మీద లోహపు గేర్‌నే అనుమతించరు, ముడులు వేసిన స్లింగ్‌లను పగుళ్లలో ఇరికించి ఎక్కుతారు. సున్నపురాయిలో గోడలు నున్నగా ఉండటం వల్ల ఇత్తడికి పట్టు తక్కువ, ఇరుకు బాగా ఉన్న చోటే నమ్మాలి.

కొన్న నట్లతో నేరుగా లీడ్‌కు పోకండి. బండ అడుగున, కాళ్లు నేల మీద ఉండగా, చేతికందే పగుళ్లలో ఒక్కొక్కటీ పెట్టండి. పొడవైన స్లింగ్ తగిలించి అందులో కాలు పెట్టి, నేలకు జానెడు ఎత్తున నిలబడి, మెల్లగా ఊగి చూడండి. హెల్మెట్ పెట్టుకోండి, మొహం నట్టుకు ఎదురుగా పెట్టకండి. ఏవి నిలిచాయో, ఏవి కదిలాయో చూసి, తీశాక ఇత్తడి మీద ఎక్కడ గుంటలు పడ్డాయో గమనించండి. ముఖమంతా సమానంగా పడితే ప్లేస్‌మెంట్ మంచిది. ఒక మూలే నలిగితే మీ కంటికి మంచిగా కనిపించినది నిజానికి ఒక మూల మీదే నిలిచిందన్నమాట. ఇది ఎవరూ చెప్పకుండా ఆ ముఖమే మీకు నేర్పుతుంది. అనుభవమున్నవాళ్ల వెనక ఎక్కేటప్పుడు వాళ్లు పెట్టిన చిన్న నట్లను పీకేముందు ఒక్క నిమిషం ఆగి ఎలా కూర్చున్నాయో చూడటం మానకండి.

గేర్ నడుముకు వేలాడదీసుకుని మోసుకెళ్లేటప్పుడు మైక్రోలను మీ మామూలు నట్లతో కలపకుండా వేరే క్యారబినర్‌కు వేసుకోండి. పెద్ద నట్ల బరువు కింద సన్నటి తీగలు మెలిపడతాయి. పైగా వేరుగా ఉంటే, చెయ్యి ఆ క్యారబినర్ మీదికి వెళ్లినప్పుడల్లా ఇది చిన్న నట్టన్న స్పృహ ఉంటుంది. రెండు మూడు మైక్రోలు వరుసగా పెట్టాల్సివచ్చి, వాటి కింద గట్టి గేర్ చాలా దూరంలో ఉందంటే, అక్కడినుంచి దిగొచ్చేయడమే మంచిది.